గంపగుత్తగా ఇచ్చేయకండి: పాత ఇల్లు ఖాళీ చేయించే సర్వీసుల్లో ఎవరు దేనికి పనికొస్తారు

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇప్పుడు వీధికో పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి, అంటే కూల్చి ఫ్లాట్లు కట్టడానికి బిల్డరు చేతికి, వెళ్తోంది. ముప్ఫై, నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న డెబ్బై దాటిన దంపతులు రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లోకి మారాలి. ఖాళీ చేయాల్సిన తేదీ బిల్డర్ చెప్పేస్తాడు. పిల్లలు పది రోజుల సెలవు పెట్టి వస్తారు. అటక మీంచి ఏం దిగుతుందో ఎవరికీ తెలీదు. ఆ కంగారు చూసుకునే వస్తాడు గంపగుత్త బేరగాడు: "మొత్తం మేమే ఎత్తేస్తాం సార్, ఇల్లు ఊడ్చి తాళం మీ చేతికిస్తాం, ఇంత ఇస్తాం."

అతనికి అయిదుకి ఒక్క మార్కు. మోసగాడని కాదు, అతని లెక్కే అంత. గుమ్మంలో నిలబడి ఇనుము ఎంత, కాగితం ఎంత, ఫ్రిజ్ ఉందా, టేకు సామాను ఉందా అని నాలుగు చూపులు చూసి ధర చెప్తాడు. కంచు, పట్టు, పుస్తకాలు, బీరువా అరల్లో మర్చిపోయినవి అన్నీ అతని అదృష్టం ఖాతాలోకి పోతాయి. ఇతన్ని పిలవకూడదని కాదు, ఆఖరి రోజున పిలవాలి. ఆలోగా ఒక్కో రకం సామానుకి ఒక్కో మనిషి, ఒక్కో సంస్థ ఉన్నారు. వరసలో పిలిస్తే ఆరు వారాల పని. వరస తప్పితే, ముందు పిలిచినవాడు తర్వాతి వాడి సరుకు కూడా పట్టుకుపోతాడు.

డబ్బు తీసుకుని ఇల్లు సర్దిపెట్టే కన్సల్టెంట్లు ఈమధ్య హైదరాబాద్‌లోనూ దొరుకుతున్నారు, గంటకో రోజుకో ఫీజు. బట్టలు మడతపెట్టడం, కొత్త ఫ్లాట్‌లో అరలు పంచడం చక్కగా చేస్తారు, మూడున్నర మార్కులు ఇవ్వొచ్చు. కానీ మరచెంబు కంచుదో ఇత్తడిదో వాళ్లకి తెలియదు, షేర్ సర్టిఫికెట్‌ని పాత కాగితం అనుకుంటారు. కాబట్టి వాళ్లు పాత ఇంటికి కాదు, కొత్త ఇంటికి మనుషులు.

ఎవర్నీ పిలవకముందు టేపు తీసుకుని కొత్త ఫ్లాట్‌కి వెళ్లండి. వంటింటి అరలు, వార్డ్‌రోబులు, అటకలు మొత్తం ఎన్ని అడుగుల పొడవొస్తాయో రాసుకోండి. పాత ఇంట్లోనూ అదే లెక్క వేయండి. పాత ఇంట్లో అరవై అడుగులుండి కొత్తదాంట్లో పాతికే ఉంటే, "ఇది ఉంచుదామా, వద్దా" అన్న వాదన సగం తగ్గుతుంది. ఎన్ని పట్టవో అంకె చెప్పేస్తుంది, ఏవి పట్టవో పెద్దవాళ్లు చెప్తారు. పాత స్టీలు బీరువా దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. అది లిఫ్టు తలుపులోంచి దూరుతుందో లేదో, మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో ముందే కొలవాలి. సామాను లారీ కింద ఆగాక కొలిస్తే లాభం లేదు.

రోజుకి రెండు గంటలు, పొద్దున పూట, అంతకు మించి వద్దు. పెద్దావిణ్ణి నేలమీద కూర్చోబెట్టకుండా, బల్ల ముందు కుర్చీ వేసి వస్తువులే ఆవిడ ముందుకి తేవాలి. అటక ఎక్కేది వేరే మనిషి, మాస్కు కట్టుకుని. నల్ల చెత్త సంచులు మాత్రం కొనకండి. లోపలేముందో కనపడక, ఉంచాల్సిన మూట చెత్తబండి ఎక్కడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. గోనెసంచికి అట్టముక్క కట్టి పేరు రాస్తే చాలు.

మొదటి వారం కాగితాలు. ఇక్కడ బయటి సర్వీసు అక్కర్లేదు, తొందరపడి పాత కాగితాలు కొనే మనిషిని పిలవకపోవడమే సర్వీసు. బీరువా అరల్లో పరిచిన పాత పేపరు ఎత్తి కింద చూడాలి. దేవుడి పటాల వెనక అట్ట విప్పాలి. దిండు గలీబుల్లో, మడతపెట్టిన పట్టుచీరల మధ్య, ఖాళీ హార్లిక్స్ సీసాల్లో, బియ్యం డబ్బా అడుగున చెయ్యి పెట్టాలి. కొన్ని స్టీలు బీరువాల లాకరు అడుగున కనపడని చిన్న అర ఒకటి ఉంటుంది, లాకరు ట్రే పైకి లాగితే గానీ తెలీదు. తాళంచెవి పోయిన లాకరుని అలాగే అమ్మేసేవాళ్లున్నారు. తాళాలు చేసేవాడిని పిలిచి తీయించాక అమ్మండి.

దొరికిన నోట్లలో రద్దయిన 500, 1000 నోట్లుంటే అవి 2016 నవంబరు 8 తర్వాత చెల్లవని తెలిసిందే. పదికి మించి దగ్గరుంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం కూడా. 10,000 రూపాయలు లేదా ముఖవిలువకి అయిదు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా పడొచ్చు. 2000 నోటు సంగతి వేరు. 2023 మే 19న చలామణీ నుంచి ఉపసంహరించారు గానీ దాని చెల్లుబాటు పోలేదు. మామూలు బ్యాంకులు తీసుకోవు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో ఇవ్వొచ్చు, వెళ్లలేనివాళ్లు పోస్టాఫీసు ద్వారా పంపితే ఖాతాలో జమవుతుంది.

షేర్ సర్టిఫికెట్లు కనిపిస్తే ఎంత పాతవైనా పక్కనపెట్టండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితం రూపంలో షేర్లు ఇంకొకరికి అమ్మి బదిలీ చేయడం కుదరదు. అయితే యజమాని పేరు మీద డీమ్యాట్ (ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్పు) చేయించుకోవచ్చు, యజమాని పోతే వారసుల పేరుకి మార్పించుకోవచ్చు. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వం పెట్టిన మదుపరుల రక్షణ నిధికి (ఐఈపీఎఫ్) వెళ్తాయి. అక్కణ్నుంచి కూడా ఐఈపీఎఫ్-5 ఫారంతో వెనక్కి తెచ్చుకునే దారుంది. పదేళ్లు కదలని బ్యాంకు డిపాజిట్ల కోసం రిజర్వు బ్యాంకు పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు, చిరిగిన పాస్‌బుక్కు మీది పేరూ బ్యాంకూ అక్కడ పనికొస్తాయి. వంటగ్యాస్ కనెక్షన్ ఓచరు, ల్యాండ్‌లైన్ డిపాజిట్ రసీదు కూడా ఇదే దొంతరలో పెట్టండి. కనెక్షన్ వాపసు చేసేటప్పుడు సిలిండరు, రెగ్యులేటరుతో పాటు ఆ ఓచరు చూపిస్తేనే డిపాజిట్ సులువుగా వస్తుంది.

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తుంటే ఇంకో జాగ్రత్త. కొన్నప్పటి దస్తావేజు, ప్లాను, పై అంతస్తు వేసినప్పటి బిల్లులు, పాత ఇంటిపన్ను రసీదులు పారేయకూడదు. క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి చేతులు మారినప్పుడు వచ్చే లాభం మీద పన్ను) లెక్కలో 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇంటికి ఆ తేదీ నాటి విలువ కట్టుకోవచ్చు. ఆ రసీదులు చూసి ఆడిటరు సంతోషిస్తాడు. పారేయాల్సిన బ్యాంకు కాగితాలు, ఆధార్ జిరాక్సులు రాత్రంతా బకెట్లో నానబెట్టి ముద్ద చేసి పారేయండి. అలాగే తూకానికి వేస్తే మీ అకౌంటు నంబరు బజ్జీల పొట్లమై ఊరంతా తిరుగుతుంది.

రెండోవారం లోహాలు. పాత ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానించాలి.

గంగాళం, గుండిగ, బిందెలు, నీళ్లు కాచే అండా, కంచుగిన్నెలు, దీపపు కుందులు, రాగి చెంబులు అన్నీ ఒక కుప్పగా పోస్తే కొనేవాడు మొత్తాన్నీ ఇత్తడి ధరకి కట్టేస్తాడు. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. జింకు కన్నా తగరం ఎన్నో రెట్లు ఖరీదు, కాబట్టి కంచు కిలో ధర ఇత్తడి కన్నా బాగా ఎక్కువ. గుర్తుపట్టడం కష్టం కాదు. వేలి మీద బోర్లించి చెంచాతో తడితే కంచు గుడిగంటలా సాగుతూ మోగుతుంది, ఇత్తడి టక్కుమని ఆగిపోతుంది. కంచుగిన్నె కూడా టక్కుమంటే ఎక్కడో సన్నని చీలిక ఉన్నట్టు. కంచు పెళుసు, చీలితే అతుకు నిలవదు. అది తుక్కు ధరకే. మంచి గిన్నెలు తూకానికి వేయకండి. కంచుపాత్రల్లో తినేవాళ్లు మళ్లీ పెరిగారు, వస్తువుగా అడిగేవాళ్లు దొరుకుతారు.

వేరు చేశాక ఇంట్లోనే తూచాలి. మనుషులు బరువు చూసుకునే మిషను మీద గంగాళం పట్టుకుని ఒకసారి, ఖాళీ చేతులతో ఒకసారి నిలబడి తేడా తీస్తే పెద్ద సామాను లెక్క తేలిపోతుంది. చిన్నవి సంచిలో వేసి తూచండి. సుద్దముక్కతో పాత్ర అడుగున బరువు రాయండి. గంగాళానికి ఇనుప కడియాలుంటే ముందే ఊడదీయించాలి, లేకపోతే "తరుగు" పేరుతో కడియాల బరువుకి రెట్టింపు కోస్తారు. అయస్కాంతం ఆనిస్తే ఇనుము ఎక్కడుందో తెలిసిపోతుంది. బోలుగా ఉన్న దీపపు కుందుల్లో కొన్నిటికి అడుగున లక్కో మట్టో నింపి ఉంటుంది. ఆ కోత న్యాయమే, కానీ ఎంత కోస్తారో ముందే అడగాలి. లోపలి కళాయి, అతుకుల సీసం కోసం కూడా కొంత తరుగు అంటారు. ధర, తరుగు రెండూ కలిపి చెప్పమనండి. కిలోకి ఎక్కువిస్తానని తరుగులో లాక్కునేవాడి కంటే, తక్కువ చెప్పి తరుగు లేదనేవాడు చాలాసార్లు మేలు.

పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇచ్చే ఎక్స్‌చేంజ్ పాత్రల దుకాణాలకి రెండు మార్కులు. అక్కడ లాభం రెండు వైపులా ఉంటుంది: పాతదాన్ని తక్కువకి కడతారు, కొత్తదాన్ని దానిమీద ముద్రించిన ధరకి ఇస్తారు. "ఎక్స్‌చేంజ్ లేకుండా నగదు అయితే ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో నిజం బయటికొస్తుంది. పైగా ఇల్లు తగ్గించుకుంటున్నవాళ్లకి కొత్త స్టీలు డబ్బాలు ఎందుకు? హైదరాబాద్‌లో బేగంబజారు, విజయవాడలో వన్‌టౌన్ లాంటి హోల్‌సేల్ చోట మూడు కొట్లలో నగదు ధర అడిగాకే ఇంటికొచ్చే బేరగాడితో మాట్లాడండి. వీటికి నాలుగు మార్కులు. సుత్తిదెబ్బలు కనిపించే చేతిపని పాత్రలుంటే తుక్కులో కలపొద్దు. శ్రీకాకుళం జిల్లా బుడితి, తణుకు దగ్గరి అజ్జరం పనితనం తెలిసినవాళ్లు తూకం మాటే ఎత్తరు.

అమెరికాలో ఉన్న అమ్మాయి "బామ్మ విగ్రహం నాకు పంపండి" అంటే కొంచెం ఆగాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహం, కళాఖండం పురావస్తువు. రాతప్రతులకైతే ఆ గీత 75 ఏళ్లే. అలాంటివి దేశం దాటించకూడదు. అంత పాతది కాకపోయినా పాతగా కనిపిస్తే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని పంపడం క్షేమం. కొరియర్లు బరువొక్కటే చూడవు, పెట్టె సైజు కూడా లెక్కేస్తాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. అన్ని వైపులా 45 సెంటీమీటర్లున్న పెట్టెలో ఖాళీ ఆవకాయ జాడీ ఒక్కటే పెట్టినా 18 కిలోల బిల్లు పడుతుంది. బరువున్న చిన్న కంచు సామానుకి కొరియరు పర్వాలేదు, జాడీలకి మాత్రం శుద్ధ దండగ.

పట్టుచీరల దగ్గర ఇంకో రకం బేరగాళ్లుంటారు, "పాత జరీ చీరలు కొంటాం" అంటూ. అసలు జరీ అంటే వెండితీగ చుట్టిన పట్టుపోగు, మీద బంగారు పూత. నకిలీలో రాగితీగో ప్లాస్టిక్కో ఉంటుంది. కొనేవాడు అంచు కాల్చి వెండి తీసుకుంటాడు, చీర అతనికి అనవసరం. చూపుతో "చీరకింత" అనేవాడికి ఇవ్వకండి. జరీ గీసి పరీక్ష చేసి, తూకం మీద ధర చెప్పేవాడే నయం. మడతల్లో పట్టు విరిగిపోని చీరైతే ఆ బేరమే వద్దు, మనవరాలికి లంగా వోణీ అవుతుంది. జరీ చీరల మధ్య కలరా ఉండలు పెట్టే అలవాటుంటే, ఆ మరకలున్న చీరకి ధర తగ్గిస్తారు.

మిగతా బట్టలకి గూంజ్. 1999లో మొదలైన ఈ సేవాసంస్థకి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. నాలుగున్నర మార్కులు. అర తగ్గించింది ఎందుకంటే, సామాను మనమే తీసుకెళ్లాల్సి వస్తుంది, పెద్దవాళ్లున్న ఇంటికి అది చిన్న పని కాదు. వెళ్లేముందు ఏం తీసుకుంటున్నారో, ఎప్పుడు తెరిచి ఉంటుందో ఫోన్లో అడగండి. నూలు చీరలు, పంచెలు, దుప్పట్లు, వంటసామాను, పిల్లల స్కూలు సామాను పనికొస్తాయి. పాత నూలుబట్ట వాళ్ల దగ్గర శానిటరీ ప్యాడ్లకీ వాడకమవుతుంది. ఉతికి, ఆరబెట్టి, జతలు కలిపి ఇవ్వాలి. బూజు వాసన కొట్టే మూట ఇస్తే దాన్ని ఏరి పారేసే ఖర్చు వాళ్ల మీద పడుతుంది. వాకర్లు, వీల్‌చెయిర్లు, కమోడ్ కుర్చీలు, సీలు తీయని డైపర్ ప్యాకెట్లు దగ్గర్లోని వృద్ధాశ్రమానికి, అదీ ముందు అడిగి. సగం వాడిన మందులు మాత్రం ఎవరికీ దానం చేయకండి.

దూది పరుపుల్ని పారేసే ముందు విప్పి చూడండి. దూది గట్టిపడినా పాడవదు, ఏకితే మళ్లీ పొంగుతుంది. ఏకేవాళ్లు తగ్గిపోయారు కానీ ఇంకా ఉన్నారు. కొత్త ఇంటికి రెండు సన్న పరుపులు, నాలుగు దిండ్లు అక్కణ్నుంచే వస్తాయి. తడిసిన పరుపు, నల్లులున్న పరుపు అయితే వాదన లేదు, పోవాల్సిందే.

పుస్తకాలకి ఆబిడ్స్ ఆదివారం సంత, కోఠి, విజయవాడ లెనిన్ సెంటర్. అమ్ముకోవడానికి మూడు మార్కులు. పోటీపరీక్షల పుస్తకాలు రెండేళ్లు దాటితే కాగితం ధరే. పాత తెలుగు వారపత్రికల బైండులు, ఉగాది సంచికలు, 1960లకి ముందు అచ్చులు ఉంటే రచయిత, అచ్చు సంవత్సరం, ప్రచురణకర్త రాసి జాబితా చేయండి. జాబితా లేకుండా ఏ గ్రంథాలయానికీ ఫోన్ చేయొద్దు. పెట్టెలు దించి వచ్చేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్‌బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల ఆ జాబితా చూపి, తమ దగ్గర లేనివి ఉంటే తీసుకుంటారా అని అడగడం మర్యాద. తాళపత్రాలు బయటపడితే తుడవకండి, నూనె రాయకండి, దారం విప్పకండి. పొడి నూలుగుడ్డలో చుట్టి, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్లని సంప్రదించండి.

ఇప్పుడు తుక్కు. యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చే పికప్ సర్వీసులకి మూడున్నర, వీధి బండివాడికి మూడు. యాప్‌లో ధరలు ముందే కనపడతాయి, ఎలక్ట్రానిక్ కాటా తెస్తారు, డబ్బు ఫోన్లో పడుతుంది. కానీ గాజు, బట్ట, చెక్క, పరుపులు చాలావరకు ముట్టుకోరు. గుమ్మం దగ్గరికొచ్చాక "ఇది మిక్స్‌డ్ పేపరు" అని ధర తగ్గించడం మామూలే. న్యూస్‌పేపరు, పుస్తకాలు, అట్టపెట్టెలు మూడు కట్టలుగా వేరుచేసి, నోట్‌బుక్కుల స్పైరల్ తీగలు లాగేస్తే ఆ మాటకి చోటుండదు. బండివాడు బేరమాడితే దిగుతాడు, అన్నీ తీసుకుంటాడు, అటక కూడా ఎక్కుతాడు. అతని దగ్గర చూడాల్సింది కాటా. అయిదు కిలోల సీలు తీయని బియ్యం సంచి గానీ, అయిదు ఉప్పు ప్యాకెట్లు ఒక సంచిలో వేసి గానీ మొదట తూపించండి. స్ప్రింగు కాటా నాలుగున్నరే చూపిస్తే, గొడవ పడకుండా "అన్న, మన కాటాతో వేద్దాం" అనండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు.

బండివాడికి ఇవ్వకూడనివి మూడు. మొదటిది పాత డబ్బా టీవీ. రాగిచుట్ట కోసం గొట్టం పగలగొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది. రెండోది పాదరసం ఉన్న సామాను, అంటే ట్యూబులైట్లు, పాత బీపీ మిషన్లు. మూడోది ఇన్వర్టర్ బ్యాటరీ. టీవీలు, కంప్యూటర్లు అధికారిక ఈ-వేస్ట్ రీసైక్లర్లకి ఇవ్వాలి, అదీ హార్డ్‌డిస్క్ ఊడదీశాకే. బ్యాటరీకి కొత్తది కొనే షాపులోనో, బ్యాటరీ డీలరు దగ్గరో మంచి ధర వస్తుంది. బరువు తగ్గుతుందని యాసిడ్ కాలవలో పారబోసే పని మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి. స్ప్లిట్ ఏసీ తీయించేటప్పుడు టెక్నీషియన్ గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు బిగించాలి. పైపు కోసేసి పట్టుకుపోయేవాడికి రాగి దక్కుతుంది, మీకు పనికిరాని ఏసీ మిగులుతుంది.

రుబ్బురోలు, తిరగలి, రాతి తొట్టి: కొనేవాడు దొరకడు, కావాల్సినవాడు దొరుకుతాడు. మిద్దెతోట పెంచేవాళ్లకి, హోటళ్లవాళ్లకి కబురు చేస్తే మనుషుల్ని పెట్టుకుని వాళ్లే ఎత్తుకెళ్తారు. దేవుడి పటాల్ని రావిచెట్టు కింద వదిలేసే అలవాటు మంచిది కాదు. అద్దం పగిలి పిల్లల కాళ్లలో గుచ్చుకుంటుంది. అద్దం, చట్రం విడదీసి తుక్కులో వేసి, కాగితపు బొమ్మని మాత్రం తులసికోట మట్టిలో కలిపేయొచ్చు.

ఇక మిగిలేది గోడలతో పాటు పోయే సామాను. పాత ఇంటి టేకు గుమ్మాలు, తలుపులు, కిటికీలు, గ్రిల్సు, షాబాద్ బండలు, బోరు మోటారు ఎవరివి? ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల వచ్చే తగాదాలు చాలా. రాయకపోతే అవి కూల్చే కాంట్రాక్టరు బండెక్కుతాయి, ఆ లెక్క బిల్డరుకీ అతనికీ మధ్యే తేలుతుంది. సంతకానికి ముందే "కూల్చివేత సామాను యజమానిది" అని రాయించుకుని, ఇద్దరు కూల్చివేత కాంట్రాక్టర్లని పిలిచి ఎదురు ఎంతిస్తారో చెప్పించుకోండి. టేకు బాగా ఉన్న ఇళ్లకి కూలీ ఖర్చు పోను వాళ్లే డబ్బిస్తారు. కొత్త ఫ్లాట్ పూజగదికి ఒక తలుపు ఉంచుకోవాలనుంటే దాని మీద పెయింటుతో గుర్తు వేసి, చట్రంతో సహా కార్పెంటరు చేత ముందురోజే తీయించండి. గడ్డపలుగుతో పెకిలిస్తే మూలలు చీలిపోతాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు తీయడం బోరువాళ్ల పని, కూల్చేవాళ్లది కాదు. కరెంటు కనెక్షన్ తీసేలోపే అది పూర్తవ్వాలి. ఇవన్నీ అయ్యాక, ఖాళీ చేసే తేదీకి ముందురోజు సాయంత్రం, మొదట వచ్చిన ఆ గంపగుత్త బేరగాడికి ఫోన్ చేయండి. మిగిలిన చెక్కముక్కలు, ప్లాస్టిక్ కుర్చీలు, పగిలిన బకెట్లకి అతను చెప్పిన ధర ఎంతైనా సరే.